కెల్పీ సంకర కుక్కలతో చెవులపిల్లుల వేట మన జిల్లాలకు తగదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు.

ఇటీవల మీ పత్రిక జిల్లా అనుబంధంలో వేటకుక్కల పెంపకం గురించి వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. ఆస్ట్రేలియాలో గొర్రెల మందలను తోలే కెల్పీ జాతి కుక్కను పరుగు జాగిలాలైన గ్రేహౌండ్‌తోనో విప్పెట్‌తోనో దాటించి పుట్టించిన పిల్లలు కుందేళ్ల వేటకు ఎంత చక్కగా పనికివస్తాయో ఆ కథనం వివరించింది. ఆ కుక్క గుణగణాల గురించి రాసిన మాటల్లో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయితే అలాంటి పిల్లలను చిత్తూరు, తిరుపతి జిల్లాల యువకులు కూడా తెచ్చుకుని మన బీళ్లలో, తోటల్లో వేటకు దింపవచ్చన్న అర్థం వచ్చేలా కథనం ముగియడం నన్ను కలవరపెట్టింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పలమనేరు నుంచి శ్రీకాళహస్తి వరకు ప్రభుత్వ పశువైద్యురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. అక్కడ రైతుకు మేలుచేసే పని ఇక్కడ చట్టం ముందు నేరం ఎందుకవుతుందో, వేటాడబడే జంతువుతో పాటు వేటాడే కుక్కకు కూడా ఎంతటి హింస అవుతుందో చెప్పడం నా బాధ్యతగా భావించి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఆ వేట అక్కడ ఎందుకు అవసరమయిందో చెప్పాలి. ఆస్ట్రేలియా గడ్డ మీద కుందేలు సహజంగా పుట్టిన జంతువు కాదు. 1859లో విక్టోరియా ప్రాంతంలోని బార్వన్ పార్క్ అనే తన ఎస్టేటులో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి, వేట సరదా కోసం ఇంగ్లండు నుంచి తెప్పించిన సుమారు రెండు డజన్ల కుందేళ్లను వదిలాడు. ఆడకుందేలు నెల రోజులకే ఈనుతుంది, ఈతకు నాలుగైదు పిల్లలు, ఏడాదికి పలు ఈతలు. అడ్డుకునే మృగాలు తక్కువైన ఆ నేలలో అవి అర్ధ శతాబ్దం గడిచేసరికే ఖండంలో చాలా భాగాన్ని ఆక్రమించి, గొర్రెలకు మిగలవలసిన గడ్డిని, మొలకలను నేలమట్టం చేశాయి. వాటిని ఆపడానికి 1901 నుంచి 1907 వరకు పశ్చిమ ఆస్ట్రేలియాలో 1,800 కిలోమీటర్లకు పైగా పొడవైన కంచె కట్టారు. అది చాలక 1950లో మిక్సోమా వైరస్‌ను వాటిలోకి వదిలారు. 1995లో మరో వైరస్, పరిశోధన జరుగుతున్న దీవి నుంచి బయటపడి ప్రధాన భూభాగంలోని కుందేళ్లకు సోకింది. ఇన్ని చేసినా అవి నశించలేదు. అలాంటి దేశంలో కుందేలును పట్టే కుక్క అంటే పంట కాపాడే కుక్క అని అర్థం. దాన్ని పెంచే రైతును తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ఇక ఆ కుక్క సంగతి. చూపుతో గురిపెట్టి తరిమే గ్రేహౌండ్, విప్పెట్, సలూకి వంటి పరుగు జాగిలాలను గొర్రెల కుక్కతోనో టెరియర్‌తోనో కలిపి పుట్టించిన పనికుక్కలన్నిటినీ బ్రిటన్‌లో లర్చర్లు అంటారు. శుద్ధమైన గ్రేహౌండ్ గంటకు 60 కిలోమీటర్లకు మించిన వేగాన్ని క్షణాల్లో అందుకుంటుంది గానీ ఆ వేగం ఎక్కువ సేపు నిలవదు. దాని చర్మం పలచన, బొచ్చు పొట్టి, ముళ్లకంచె తగిలితే గుడ్డలా చీరుకుపోతుంది. పరుగు మొదలుపెట్టాక పిలుపు చెవికెక్కించుకోవడం కూడా దానికి కష్టమే. గొర్రెల కుక్క రక్తం ఈ లోట్లను పూడుస్తుంది. యజమాని వైపు చూసి పనిచేసే బుద్ధి, దినమంతా తిరిగినా అలసిపోని ఒడలు, గట్టి పాదాలు, వాసన పట్టే ముక్కు ఆ వైపు నుంచి వస్తాయి. బ్రిటన్‌లో ఈ పనికి తరతరాలుగా కోలీలను వాడారు. ఆస్ట్రేలియాలో చేతికి అందుబాటులో ఉన్న గొర్రెల కుక్క కెల్పీ కాబట్టి అక్కడివారు దాన్ని వాడారు.

కెల్పీ పుట్టుక కూడా తెలుసుకోదగినదే. స్కాట్లండు నుంచి వచ్చిన కోలీల సంతతిలో 1870 దశకంలో, విక్టోరియాలోని కాస్టర్టన్ పట్టణం దగ్గర వారక్ అనే గొర్రెల క్షేత్రంలో పుట్టిన ఒక ఆడ కుక్కపిల్లను జాక్ గ్లీసన్ అనే పశుపాలకుడు తెచ్చుకున్నాడు. అతడు దానికి పెట్టిన పేరే తరువాత జాతి పేరయింది. 14 నుంచి 20 కిలోల బరువు, నిలువు చెవులు, కురచ బొచ్చు, మైళ్ల కొద్దీ మేత బయళ్లలో ఎండను ఓర్చుకునే శక్తి దాని లక్షణాలు. ఇరుకు దారిలో గొర్రెలు కిక్కిరిసి ఆగిపోతే వాటి వీపుల మీదుగా పరిగెత్తుకుపోయి ముందున్న గొర్రెను కదిలించి మందను నడిపించే కుక్క అది. దీన్ని విప్పెట్‌తో కలిపితే చిన్నగా, చురుగ్గా మలుపులు తిరిగే పిల్ల వస్తుంది. గ్రేహౌండ్‌తో కలిపితే పొడవైన అంగ వేసే పిల్ల వస్తుంది. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా ఒకటి తల్లి పోలిక, మరొకటి తండ్రి పోలిక రావడం సంకరంలో మామూలే గనుక, ఏ పిల్ల ఎలా తేలుతుందో పెరిగాక గాని తెలియదు.

కుందేలు బొరియలో నివసిస్తుంది. మేతకు బయటికి వచ్చినా బొరియ నోటికి ఎంతో దూరం పోదు. ప్రమాదం పసిగడితే ఆ కొద్ది దూరాన్ని ప్రాణం పెట్టి పరిగెత్తి లోపలికి దూరుతుంది. కాబట్టి దాన్ని పట్టే కుక్కకు కావలసింది ఒక్కసారిగా దూకే వేగం, చివరి క్షణంలో మలుపు తిరిగే నేర్పు. రాత్రిపూట లైటు వెలుగులో కుందేలును చూపించి కుక్కను వదలడం, ఫెర్రెట్ అనే ముంగిస వంటి జంతువును బొరియలోకి పంపి బయటికి దూకిన కుందేలును పట్టించడం అక్కడి పద్ధతులు. ఏ బొరియలో కుందేలు ఉన్నదో వాసన చూసి నిలబడి చూపించడం, పట్టినదాన్ని నలపకుండా యజమాని చేతికి తెచ్చివ్వడం, పక్కనే మేస్తున్న గొర్రెలను కన్నెత్తి చూడకపోవడం మంచి లర్చర్‌కు గుర్తు. పశువుల మధ్య పుట్టి పెరిగిన కెల్పీ రక్తం ఈ చివరి విషయంలో కొన్నిసార్లు ఇబ్బంది పెడుతుందని కూడా చెప్పాలి. దానికి గొర్రెలంటే ఆకలి లేదు గానీ, వాటిని చుట్టుముట్టి తోలాలన్న తపన మాత్రం ఒంట్లోనే ఉంటుంది.

ఇదంతా ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ కుక్కను తయారుచేసింది ఆ కుందేలు కోసం, ఆ బొరియ కోసం. మన పొలాల్లో, సేద్యం లేని బీళ్లలో, శేషాచలం కొండల అంచుల్లో ఉండేది వేరే జంతువు. మెడ వెనుక నల్లని మచ్చతో ఉండే మన చెవులపిల్లి, అంటే అడవి కుందేలు, బొరియ తవ్వదు. బోద గడ్డి దుబ్బు కిందో, కంప చెట్టు మొదట్లోనో తన ఒంటికి సరిపడేంత పల్లం చేసుకుని, చెవులు వీపుకు ఆనించి పగలంతా కదలకుండా పడుకుంటుంది. మనిషి కాలు దాదాపు దాని మీద పడబోయేదాకా లేవదు. లేచిందంటే దూరి దాక్కోవడానికి దానికి ఇల్లు లేదు, కాళ్లే దిక్కు. బొరియ కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని, భూమిలోపల పుడతాయి. చెవులపిల్లి పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో బయట నేల మీదే పుడతాయి. ఈతకు సాధారణంగా ఒకటి రెండే. తల్లిని కుక్క పట్టిన రోజున ఆ పిల్లలు ఏ దుబ్బులో ఉన్నాయో వెతికి తెచ్చేవారు ఎవరూ ఉండరు. గుంటనక్క, అడవిపిల్లి, గద్ద, గుడ్లగూబ, కొండచిలువ, చివరికి చిరుతపులి కూడా దాని మీద ఆధారపడతాయి. ఖండం మొత్తాన్ని కబళించిన ఆ కుందేలుకు, మన మెట్టపొలాల్లో తన పాటికి తాను బతికే ఈ జంతువుకు ఒకే న్యాయం వర్తింపజేయడం సరికాదు.

లర్చర్ పుట్టిన ఇంగ్లండులోనే ఈ తేడాను చట్టం గుర్తించింది. 2005 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండు, వేల్సులలో అమలులో ఉన్న 2004 నాటి వేట చట్టం, భూమి యజమాని అనుమతి ఉంటే కుక్కతో బొరియ కుందేలును పట్టడానికి మినహాయింపు ఇచ్చింది. కానీ మన చెవులపిల్లి వంశానికే చెందిన హేర్‌ను కుక్కలతో తరమడాన్ని మాత్రం నిషేధించింది. మీ కథనంలో బ్రిటన్ పేరు గొప్పగా వచ్చింది గానీ ఈ సంగతి రాలేదు.

మన దేశంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం షెడ్యూళ్లలో, అంటే రక్షిత జంతువుల జాబితాల్లో, ఉన్న ఏ అడవి జంతువునూ వేటాడకూడదు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక చెవులపిల్లి రెండో షెడ్యూలులో ఉంది. వేట అంటే చంపడం మాత్రమే కాదు. పట్టడం, కుక్కలతో తరమడం, ఉచ్చు వేయడం, వల పన్నడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే అని ఆ చట్టం నిర్వచించింది. అంటే కుక్క పట్టలేకపోయినా, చెవులపిల్లి తప్పించుకుపోయినా, కుక్కను వదిలిన మనిషి నేరం చేసినట్టే. సొంత పొలంలో చేసినా, పక్క ఊరి బీడులో చేసినా తేడా లేదు. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే పని శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోనో కౌండిన్య అభయారణ్యంలోనో చేస్తే మూడేళ్లకు తగ్గని, ఏడేళ్ల వరకు వేయదగిన జైలు శిక్షతో పాటు 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా కూడా పడుతుంది. వేటకు వాడిన బండి సర్కారు పాలవుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు సరదా అనుకుని సెల్‌ఫోనులో తీసి నలుగురికీ పంపిన వీడియోయే అతని మీద సాక్ష్యం అవుతుంది. పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో దరఖాస్తు చేసుకునే వయసులో ఆ కేసు ఎంత నష్టం చేస్తుందో తల్లిదండ్రులు ఆలోచించాలి.

చెవులపిల్లి వల్ల పంటకు నష్టం లేదని నేను అనను. మొలక దశలో ఉన్న వేరుశనగను, కొత్తగా నాటిన మల్బరీని అది కొరికిన చోట్లు నేను చూశాను. నాటిన ఏడాది లోపు మామిడి మొక్కల మొదళ్లలో బెరడును చుట్టూ గీకేస్తే ఆ మొక్క ఎండిపోతుంది. ఆ రైతు బాధ నిజమే. దానికి చట్టంలోనే దారి ఉంది. పదకొండో సెక్షన్ కింద, నిలిచి ఉన్న పంటకు ప్రమాదంగా మారిన రెండో షెడ్యూలు జంతువు విషయంలో అటవీ శాఖ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. విచారించి, కారణాలు రాసి అనుమతి ఇచ్చే అధికారం ఆ శాఖకు ఉంది. అంతకన్నా తేలికైన పని, మొక్క మొదలు చుట్టూ మోకాలి ఎత్తున ఇనుప జల్లెడో, చీల్చిన వెదురు బుట్టో నిలబెట్టడం. మామిడి తోటల రైతులకు ఇది చేతిలో పనే. ఒక్క వేసవి కాపాడుకుంటే బెరడు ముదురుతుంది, ఆ తరువాత చెవులపిల్లి దాని జోలికి పోవడం తగ్గుతుంది.

కుక్క వైపు నుంచి కూడా ఈ విషయాన్ని చూడాలని మీ పాఠకులను వేడుకుంటున్నాను, ఎందుకంటే ఈ వేటలో నా దగ్గరికి వచ్చినవి చెవులపిల్లులు కావు, కుక్కలు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని దించుకుంటుంది. బొరియ కుందేలు వెనుక క్షణాల పాటు పరిగెత్తే కుక్క ఆగి ఊపిరి తీసుకుంటుంది. బొరియ లేని చెవులపిల్లి వెనుక పడిన కుక్క, గట్లు దూకుతూ, దిశ మార్చుతూ పోయే దాన్ని వదలలేక, ఆగవలసిన చోట ఆగక పరిగెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన మెట్టల్లో తెల్లవారి ఏడు గంటలకే రాయి కాలుతుంది. అలాంటి ఒక ఉదయం పొడవు కాళ్ల సంకర కుక్కను ఇద్దరు యువకులు బైకు మీద మధ్యలో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తెచ్చారు. చిగుళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, నోటి నుంచి చిక్కటి చొంగ తీగలా కారుతోంది. కుక్కకు మామూలుగా 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉండవలసిన వేడి 108 దాటింది. వెనుక కాళ్ల కండరాలు కర్రల్లా బిగుసుకున్నాయి. కాసేపటికి అది పోసిన మూత్రం నల్లటి కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. కండరాలు లోపల చితికి, ఆ పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను పట్టిందని దాని అర్థం. నీళ్లు పోసి, ఫ్యాను కింద పెట్టి, సెలైను ఎక్కించినా సాయంత్రానికి అది చనిపోయింది. ఆ కుర్రవాళ్లు దాన్ని ప్రేమగా పెంచినవాళ్లే. దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కుక్కను చంపింది వాళ్ల దుర్మార్గం కాదు, ఆ పరుగు దానికి తగినదేనని ఎవరో చెప్పిన మాట.

ఎండ ఒక్కటే కాదు. మన పొలాల్లో గోడ లేని పాతబావులు ఇంకా ఉన్నాయి, తలెత్తి పరిగెత్తే కుక్కకు అవి కనబడవు. అడవిపందుల కోసం కొందరు దొంగతనంగా కరెంటు తీగలు లాగుతారు, మేతలో నాటుబాంబులు పెడతారు. వాటి మీద పడి దవడ ఛిద్రమైన పశువులకు కుట్లు వేసిన చేతులివి. కుక్కలకూ అదే గతి పట్టింది. ఎండాకాలం పల్లేరు కాయలు అరికాలి మెత్తల్లో దిగి, చీము పట్టి, కాలు కింద పెట్టలేని స్థితికి తెస్తాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ఈ జిల్లాల్లో ఏడాది పొడవునా ఉంటాయి. అన్నిటికీ మించి, అడవి అంచున తిరిగే కుక్క టీకాలు లేనిదైతే తన రోగాన్ని అడవికి మోస్తుంది. 2018లో గిర్ అడవిలో సింహాలు కనైన్ డిస్టెంపర్ అనే కుక్కల రోగపు వైరస్ సోకి చనిపోయిన ఉదంతం దేశమంతటికీ తెలిసినదే. మన శేషాచలంలో చిరుతలు, రేసుకుక్కలు ఉన్నాయని మరువరాదు.

గొర్రెల కుక్క సంకరాలను పెంచేవారికి వైద్యపరంగా ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కోలీ సంతతి కుక్కలు కొన్నిటిలో మెదడులోకి మందులు చొరబడకుండా కాపాడే ఒక జన్యువు దెబ్బతిని ఉంటుంది. అలాంటి కుక్కకు గజ్జికనో, పిడుదులకనో గొర్రెల మందు డబ్బాలోని ఐవర్‌మెక్టిన్‌ను అంచనాగా గుచ్చితే అది తూలిపడి, చూపు కోల్పోయి, ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు. కెల్పీలో ఈ లోపం కోలీలో ఉన్నంతగా కనబడదు గానీ, సంకరపు పిల్లకు ఏ వైపు నుంచి ఏ రక్తం వచ్చిందో అమ్మినవాడికే తెలియనప్పుడు జాగ్రత్త తప్పదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న సూదిని ఇంట్లో వేయవద్దని ఇలాంటి కుక్కలు ఉన్న ప్రతి ఇంటినీ వేడుకుంటున్నాను.

కెల్పీ క్రాస్ అన్న పేరుతో మన దగ్గర అమ్ముడవుతున్న పిల్లల గురించి కూడా నాకు అనుమానాలున్నాయి. చంద్రగిరి వైపు ఒక పల్లెలో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు పొరుగింటి అబ్బాయి తన కుక్కను చూపించాడు. వేటకు పనికివస్తుందని చెప్పి బాగానే డబ్బు తీసుకుని ఎవరో అమ్మారట. నలుపు, గోధుమ రంగులు, నిలువు చెవులు. అలాంటి రంగు, అలాంటి చెవులు మన నాటుకుక్కల్లోనూ బోలెడు. కాగితాలేవీ లేవు. అయితే నేను అక్కడ ఉన్నంతసేపూ అది చేసిన పని మాత్రం నన్ను ఆకట్టుకుంది. వాకిట్లో చెదిరి తిరుగుతున్న కోళ్లను తల నేలకు దించి, మెల్లగా అర్ధచంద్రంగా చుట్టివచ్చి, గోడ మూలకు చేర్చి, ఒక్కదాన్నీ కరవకుండా ఎదురుగా పడుకుంది. ఒక పెట్ట పక్కకు తప్పుకోగానే లేచి, దాన్ని మళ్లీ గుంపులో కలిపి, తన చోటుకు వచ్చింది. "చెవులపిల్లిని చూపించినా పట్టించుకోదు మేడమ్, ఎప్పుడు చూసినా కోళ్ల చుట్టే తిరగతా ఉండాది" అని ఆ అబ్బాయి బాధపడ్డాడు. అందులో బాధపడవలసింది ఏమీ లేదని, అది తన పుట్టుకలో ఉన్న పనిని తానే వెతుక్కుంటోందని, రెండు గొర్రెలను చూపిస్తే ఇంకా సంతోషిస్తుందని అతనికి చెప్పాను.

అందరూ ఆ అబ్బాయిలా ఉండరు. కుక్కకు వేట నేర్పాలని కొందరు ఫారాల్లో పెంచిన తెల్ల కుందేళ్లను కొని తెచ్చి, ఆవరణలో వదిలి, కుక్కలను ఉసిగొల్పుతున్నారని విన్నాను. పంజరంలో పుట్టి పంజరంలో పెరిగిన ఆ ప్రాణికి పరిగెత్తడం కూడా సరిగా రాదు. వినోదం కోసం ఒక జంతువును మరో జంతువుకు ఎరగా కట్టిపడేయడం, ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ కింద నేరం. ఆ చట్టంలో మొదటి నేరానికి జరిమానా ఈనాటికీ పది రూపాయల నుంచి యాభై రూపాయలే కావడం విచారకరం. అయినా నేరం నేరమే. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఫోనులో బేరం కుదిరి, బస్టాండులో అట్టపెట్టెలో చేతులు మారే పిల్లల విషయంలో ఈ నిబంధనలను ఎవరు పాటిస్తున్నారో అధికారులే చెప్పాలి.

కనుమనాడు చెవులపిల్లుల వేటకు పోవడం మన పల్లెల్లో పాత ఆచారమేనని, దాన్ని కాదనడానికి నేనెవరినని కొందరు పెద్దలు అడగవచ్చు. ఆ ఆచారం ఉండేదని నాకు తెలుసు. వలలు భుజాన వేసుకుని, నాటుకుక్కలను వెంటబెట్టుకుని ఊరి మగవాళ్లు బయలుదేరడం చిన్నప్పుడు చూసినదాన్నే. అప్పుడు ఊరి చుట్టూ ఉన్న బీళ్లు ఇప్పుడు లేఅవుట్లుగా, క్వారీలుగా, నాలుగు వరుసల రోడ్లుగా మారాయి. చెవులపిల్లికి మిగిలిన చోటు కొంచెం. అదే కనుమనాడు తిరుమలలో మలయప్పస్వామిని పార్వేట మండపానికి వేంచేపు చేసి పార్వేట ఉత్సవం జరుపుతారు. అక్కడ వేటను అభినయిస్తారు, ఏ జంతువు ప్రాణమూ తీయరు. స్వామివారి వేటే అలా జరుగుతున్నప్పుడు మన ఊళ్లలో ఆ పండుగను రక్తం చిందకుండా జరుపుకోవడం ఆచారానికి భంగమని నేను అనుకోను.

వేట లేకుంటే పరుగు జాగిలాల జాతులు అంతరిస్తాయన్న వాదన మరొకటి ఉంది. మన పొరుగున తమిళనాడులో రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకలో ముధోల్ జాగిలం ఉన్నాయి. ఈ మూడింటినీ కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ అధికారికంగా జాతులుగా నమోదు చేసింది. రాజపాళయం, ముధోల్ జాగిలాల బొమ్మలతో 2005లో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. ముధోల్ కోసం ఆ ప్రాంతంలోనే పరిశోధన కేంద్రం పనిచేస్తోంది, భద్రతా దళాలు ఆ కుక్కలకు శిక్షణ ఇచ్చి చూశాయి. వీటిలో ఏదీ చెవులపిల్లిని చంపనిస్తేనే బతుకుతానని అనలేదు. మన రాష్ట్రంలోనే కర్నూలు జిల్లా పందికోన కుక్కలకు కాపలాలో మంచి పేరుంది, కొల్లేరు వైపు జోనంగి జాగిలం బాతుల మందలను కాసిన కుక్క. మన దగ్గర ఉన్న వీటిని వదిలి, గొర్రెల కుక్కగా పుట్టిన పరదేశపు జాతిని తెచ్చి దానికి రాని పనిని, చేయకూడని పనిని అప్పగించడం నాకు అర్థం కాలేదు.

ఇప్పటికే కెల్పీ సంకరాలను తెచ్చుకున్నవారు వాటిని వీధిన వదిలేస్తారేమోనన్న భయంతో ఈ మాట రాస్తున్నాను. ఆ కుక్కకు పని కావాలి. పని లేకుండా గొలుసుతో కట్టేస్తే గంటల తరబడి అరుస్తుంది, గోడలు తవ్వుతుంది, బైకుల వెంట పడుతుంది, చివరికి ఎవరినో కరుస్తుంది. మన జిల్లాల్లో గొర్రెలకు, మేకలకు కొదవ లేదు. పుంగనూరు, పలమనేరు, సత్యవేడు వైపు కాపరులు ఎండకు, వానకు మందల వెంట నడుస్తూనే ఉన్నారు. వాళ్ల పిల్లలు ఆ పనికి రావడం లేదు, కూలికి మనిషి దొరకడం లేదు. గొర్రెల కుక్క తన జీవితకాలంలో తన మీద పెట్టిన ఖర్చుకు అయిదు రెట్లకు పైగా విలువైన పని చేస్తుందని 2014లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆస్ట్రేలియా రైతులను అడిగి లెక్క కట్టారు. కంచె వేసిన మేత బయళ్లున్న దేశపు లెక్క ఇది. ఊరి పొలాల మధ్య బండ్ల బాటల్లో మంద తోలే మన కాపరికి అది అలాగే వర్తించదు. అయినా పైరు గట్టు దాటబోయే గొర్రెను తిప్పడానికి, సాయంత్రం దొడ్డిలోకి మందను చేర్చడానికి ఆ కుక్క ఎంత ఆసరా అవుతుందో మంద వెంట నడిచినవారికి వేరే చెప్పనక్కరలేదు. దానికి ఓపిక కావాలి. ఆరు నెలల పిల్లను నేరుగా మందలోకి వదిలితే గొర్రెలను బెదరగొడుతుంది. ముందు పొడవు తాడు కట్టి, పది గొర్రెలకు మించని చిన్న గుంపుతో, పడుకో, ఆగు, రా అన్న మూడు మాటలు నేర్పాలి. ఈ పని తెలిసిన కాపరి ఒకడు ఒక మండలంలో తయారైతే మిగతావారు అతన్ని చూసి నేర్చుకుంటారు.

తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ఆ కళాశాల ఆధారంగా ఏర్పడిన శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. గొర్రెల కాపరుల కోసం కుక్కల శిక్షణ శిబిరాన్ని ఏడాదికి ఒకటైనా నిర్వహించాలని, అక్కడే రేబిస్, డిస్టెంపర్ టీకాలు వేయాలని ఆ విశ్వవిద్యాలయ పెద్దలను అభ్యర్థిస్తున్నాను. అటవీ శాఖ అధికారులు కనుమకు ముందు వారంలోనే అడవి అంచు గ్రామాల్లో దండోరా వేయించి, చెవులపిల్లిని తరమడం కూడా నేరమేనని సాదా మాటల్లో చెప్పించాలి. కుర్రవాళ్లు పట్టుబడిన తరువాత కేసు పెట్టడం కన్నా అది మేలు. మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఆ కథనంలో చెప్పిన కుక్కల గురించి మళ్లీ రాసినప్పుడు, మన దేశపు చట్టాన్ని, చెవులపిల్లికి ఉన్న రక్షణను అదే పేజీలో, అదే పరిమాణపు అక్షరాల్లో అచ్చువేయండి. ఆ కథనం చదివి కుక్కపిల్ల కోసం అడ్వాన్సు ఇచ్చిన యువకులు ఈపాటికే ఉండి ఉంటారు. పిల్ల ఇంటికి రాకముందే వారికి ఈ సంగతి చేరాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యురాలు,
తిరుపతి.